కంపెనీ గోళీ

రోజూ పొద్దున హెప్సిబా తెల్లటి చిన్న గోళీని తండ్రి అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించి, ఎదురుగా నిలబడేది. బయట స్కూలు ఆటో హారన్ కొడుతున్నా గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. ఆంథోని చెయ్యి నోటిదాకా వెళ్ళేది. గొంతు కదిలేది. నీళ్ళు లోపలికి పోయేవి. గోళీ మాత్రం చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఉండిపోయేది.

"మింగినవా డాడీ?"

"అవ్."

ఆమె చెప్పులు తొడుక్కుని పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్ళిపోయేది. అతను గోళీని చొక్కా జేబులో వేసుకునేవాడు. బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా, అంటే బొగ్గు గోడకు రంధ్రాలు వేసి మందు కూరి పేల్చే మనిషిగా, బతుకంతా పనిచేసిన వేళ్ళు అవి. చిన్న వస్తువును జారనివ్వకుండా పట్టుకోవడం వాటికి బాగా తెలుసు.

రిటైరైన వాళ్ళకు బొగ్గు కంపెనీ తన దవాఖానాలో నెలనెలా మందులిస్తుంది, ఆంథోనికి బీపీ గోళీలు. కార్డు చూపించి వరసలో నిలబడి తెచ్చుకోవాలి. విశ్రాంతమ్మ ఉన్నప్పుడు మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి వెళ్ళేవారు. ఆమె అతని వెనకే నిలబడి, ముందూ వెనకా ఉన్న వాళ్ళ జబ్బులన్నీ అడిగి తెలుసుకునేది. మొన్నటి వానాకాలంలో ఆమె పోయింది. ఆంథోని వరసలో నిలబడటం మానలేదు. మింగడం మానేశాడు.

దాన్ని నిర్ణయం అనలేం. ఆమెను పూడ్చిన మర్నాడు హెప్సిబా మొదటిసారి తల్లి చేసే పని తాను చేసింది. గోళీ పెట్టింది, నీళ్ళిచ్చింది. చెయ్యి నోటిదాకా వెళ్ళింది గానీ వేళ్ళు విడవలేదు. అతను వాటిని వేరే ఎవరివో వేళ్ళను చూసినట్టు చూశాడు. చావాలనిపించలేదు. బతకాలనీ అనిపించలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు, రాలేదు. బాయిలో షాట్ పేలాక చెవులు మూసుకుపోతాయి. పొగ విరిగేదాకా ఎవరూ లోపలికి పోకూడదు, ఇవతల గోడకు ఆనుకుని ఊరికే కూర్చోవాలి. అతనప్పటి నుంచీ అలాగే కూర్చుని ఉన్నాడు. కొన్నాళ్ళకు తల వెనక బరువు మొదలైంది. లోపల ఏదో తన పని తాను చేసుకుంటోంది, దానికి అడ్డు పడకపోతే చాలు అన్నట్టు ఉండేవాడు.

జేబులోని గోళీలను మొదట్లో మోరీలో పారేసేవాడు. పారేసిన ప్రతిసారీ విశ్రాంతమ్మ ఏదో అన్నట్టుండేది. ఆమెకు వస్తువు పాడుచేస్తే గిట్టదు.

ఆ సమయంలోనే పాలుపోసే గోరి అడిగింది. అడవి అంచు తండా నుంచి క్యాను నెత్తిన పెట్టుకుని వచ్చేది. సన్నటి మనిషి, పెద్ద గొంతు.

"అన్నా, తండాకు సిస్టరమ్మ వచ్చి నా చెయ్యికి పట్టీ కట్టి జూసింది. బీపీ ఉన్నదట. సర్కారు దవాఖానాల గోళీలిస్తరట."

"మరి తెచ్చుకోలేదా?"

"తెచ్చుకున్న. సున్నం ముక్క లెక్కున్నయ్. గవి ఏం పన్జేస్తయ్? కంపెనీ గోళీ అయితే గట్టిది. మీ బాయి ముసలోళ్ళను జూడు, అందరు గవి తినే గుండ్రాళ్ళ లెక్క ఉన్నరు."

ఆ ప్రాంతంలో అందరికీ ఉన్న నమ్మకమే అది. కంపెనీ బూట్లు చిరగవు, కంపెనీ దుప్పటి మాయదు, కంపెనీ గోళీ గురి తప్పదు. ఆంథోని జేబులో చెయ్యి పెట్టి ఆనాటి గోళీని తీసి ఆమెకిచ్చాడు.

"మరి నీకు?"

"నాకు రెండు రకాలిస్తరు. ఇది ఎక్కువైతది." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో అతను గమనించాడు. "ఎవ్వరికీ చెప్పకు. దవాఖానాల కూడ చెప్పకు. తెలిస్తే కార్డు తీసేస్తరు."

అతని భయం కార్డు గురించి కాదు. హెప్సిబాకు తెలుస్తుందని.

"నా బర్రె మీద ఒట్టు. బిచ్యా మీద ఒట్టేస్తే నువ్వు నమ్మవు గద, మొగుడాయె." పెద్దగా నవ్వి, కుళాయి కింద దోసిలి పట్టి, తల వెనక్కి వంచి గటుక్కున మింగింది.

అప్పటి నుంచి అదే వరస. హెప్సిబా పెట్టిన గోళీ అతని వేళ్ళ నడుమ నుంచి జేబులోకి, జేబులోంచి గోరి గొంతులోకి. ఆమె మింగుతుంటే చూడటం అతనికి బాగుండేది. అతని రోజులో బాగున్నది అదొక్కటే. దాన్ని కూడా దూరం నుంచి, ఎవరో చెబితే విన్నట్టు తెలుసుకునేవాడు.

చలికాలంలో గోరికి దగ్గు పట్టింది. ఛాతీలోంచి గరగరమని శబ్దం. ఓ పొద్దున కొంగు ముడి విప్పి కొత్త గోళీల పట్టీ చూపించింది. పసుపు రంగు, పొడుగ్గా ఉన్నాయి.

"మణుగూరు పొయ్యి డాక్టరుకు చూపించుకున్న. రొమ్ముల నిమ్ము చేరిందట. పొద్దుమాపు ఒక్కోటి ఏసుకోమన్నడు. ఇంకేమన్న గోళీలు మింగుతున్నవా అమ్మా అని రెండుసార్లడిగిండు అన్నా." గోరి గర్వంగా తల ఎగరేసింది. "ఏం లేవు సారూ అన్న. బర్రె మీద ఒట్టేసిన గద."

ఆంథోనికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఒకసారి తనకే దగ్గు పట్టి, కంపెనీ డాక్టరు ఏదో రాయబోయి, కార్డు తిరగేసి ఆగాడు. 'నీకు బీపీ గోళీ ఉన్నది గదా పెద్దాయనా, దానితో ఇది కలవకూడదు' అని కొట్టేసి వేరేది రాశాడు. ఇంటికొచ్చే దారంతా విశ్రాంతమ్మ అదే మాట. రేపు ఎవరన్నా తెలవని డాక్టరు ఇస్తే ముందు బీపీ సంగతి చెప్పాలె, యాదిపెట్టుకో, అని. ఆమె ఆ రోజు కట్టుకున్న నీలం చీరతో సహా గుర్తొచ్చింది. అంతా స్పష్టంగా ఉంది, కానీ అద్దం అవతల ఉంది. అద్దం అవతలి మనుషులు ఏదో అంటున్నారు. వాళ్ళు అంటున్నది తనకు సంబంధించిందని తెలుసు. తెలిసినా కదలిక రాలేదు.

చెయ్యి జేబులోకి వెళ్ళింది. గోళీ ఇచ్చింది. గోరి కుళాయి దగ్గర మింగింది. ముందు తెల్లది, తర్వాత పసుపుది.

తర్వాతి రోజుల్లో ఆమె కేక చిన్నదైంది. క్యాను దించి గడప మీద కూర్చునేది.

"లేస్తే కండ్లకు చీకట్లు కమ్ముతున్నయ్ అన్నా. కాళ్ళు జూడు, ఎట్ల ఉబ్బినయో."

"దగ్గు?"

"దగ్గు తగ్గింది. మందు మంచిదే."

"పండుకోరాదు?"

"నేను పండుకుంటే నా బర్రెను బిచ్యా పిండుతడా? అది తన్నే తన్నుకు ఆంధ్రల పడతడు."

అతను నవ్వాల్సిన చోట నవ్వాడు. గోళీ ఇచ్చాడు.

ఒక పొద్దున ఆమె రాలేదు. ఆ మర్నాడు బిచ్యా వచ్చాడు, బాగా పొద్దెక్కాక. గోరి మొగుడు అంతకుముందెప్పుడూ ఆ గుమ్మం ముందు నిలబడలేదు. క్యానులోంచి పాలు కొలుస్తుంటే సగం నేల మీద పోయాయి. హెప్సిబా ఆదివారం ప్రార్థనకు చర్చికి వెళ్ళబోతూ ఆగింది.

"గోరక్క ఏది?"

"బర్రె కాడనే పడ్డది చెల్లె. ఇగ లేవలే. భద్రాచలంల ప్రైవేటు దవాఖానాల ఏసినం. బీపీ అందుతలేదంటున్నరు. మూత్రం బందైంది. నెత్తురుల విషం ఎక్కిందేమో అని డాక్టరమ్మ అంటున్నది." అతను చేతులు తుడుచుకోవడానికి చోటు వెతికి లుంగీకే తుడుచుకున్నాడు. "బర్రె పిండేటోళ్ళు లేక వచ్చిన. మళ్ళ పోతున్న."

"మేమూ వస్తం," అంది హెప్సిబా. "డాడీ, చొక్కా మార్చుకో."

ఆంథోని చొక్కా మార్చుకున్నాడు. పాత చొక్కా జేబులో రెండు గోళీలున్నాయి, నిన్నటిదీ ఇవాళ్టిదీ. వాటిని కొత్త చొక్కా జేబులోకి మార్చాడు. ఎందుకో తెలియదు. అలవాటు కావచ్చు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. తల వెనక బరువు మెడలోకి దిగుతోంది. చెప్పాలని అతనికి తెలుసు. చెబితే మొదట బిచ్యాకు తెలుస్తుంది, తర్వాత డాక్టరుకు, ఆ తర్వాత పక్కన కూర్చున్న బిడ్డకు. గోరి మింగినవి తన గోళీలయితే మరి తను ఏం మింగినట్టు? ఆ లెక్క వేయడానికి టీచరు కానక్కర్లేదు. చెప్పకపోతే గోరి చచ్చిపోవచ్చు. ఈ రెండు సంగతులూ అతని ముందు పక్కపక్కన ఉన్నాయి, దుకాణం అరలో రెండు డబ్బాల్లా. ఏ ఒక్కటీ బరువుగా లేదు. తనలో ఏం లోపించిందో అప్పుడు కొంచెం తెలిసింది. లోపించింది ధైర్యం కాదు. సంగతులకు బరువు కట్టేదేదో లోపల పాడైంది.

సారపాక దాటి బస్సు గోదావరి వంతెనెక్కింది. నీళ్ళు ఒక పక్కకే పారుతున్నాయి, తక్కినదంతా ఇసుక. హెప్సిబా కళ్ళు మూసుకుని పెదాలు కదిలిస్తోంది. గోరి కోసం ప్రార్థన చేస్తోందని అతనికి అర్థమైంది. వాళ్ళమ్మ కూడా అలాగే చేసేది, చప్పుడు లేకుండా, బస్సుల్లో.

దవాఖానా రెండో అంతస్తులో ఉంది. గోరి మంచం మీద ఇంకా చిన్నగా కనబడింది. చెయ్యికి సెలైను, ముక్కులో ట్యూబు. డాక్టరు భవాని చిన్న వయసు మనిషి, మాట కోస్తా పక్కది. ఆమె బిచ్యాతో మాట్లాడుతోంది, బహుశా అదే మాట మళ్ళీ.

"నిమ్ము తగ్గుతోంది. ఫొటోలో బాగానే ఉంది. కానీ ఎన్ని సెలైన్లు పెట్టినా బీపీ పైకి రావట్లేదు. ఒకదానితో ఒకటి పొసగట్లేదు నాకు. ఈ యాంటీబయాటిక్ తప్ప ఇంకేమైనా మందులు వాడేదా? బీపీకి, షుగరుకి, కీళ్ళ నొప్పులకి, నాటు మందైనా సరే. గుర్తు తెచ్చుకోండి."

"మా ఇంట్ల గోళీలెక్కడియి మేడం. సిస్టరమ్మ ఇచ్చినయి కోళ్ళకేసింది."

"ఈవిణ్ణి అడిగినా లేవనే అంటోంది."

హెప్సిబా గోరి పాదాల దగ్గర నిలబడి దుప్పటి సరిచేస్తోంది. ఆంథోని తల వైపు వెళ్ళాడు. గోరి కళ్ళు సగం తెరిచింది. గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. పెదవులు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. అతను వంగాడు.

"చెప్పలే అన్నా," అంది, ఊపిరితో. "అడిగిర్రు... మస్తుసార్లు. నేను చెప్పలే."

ఆమె మొహంలో ఏదో కదిలింది. నవ్వు. మాట నిలబెట్టుకున్న మనిషి నవ్వు.

ఆంథోనికి గుండె పగల్లేదు. కన్నీళ్ళు రాలేదు. జరిగింది చాలా చిన్నది. చెయ్యి జేబులోకి వెళ్ళింది, రోజూ వెళ్ళినట్టే. రెండు గోళీలనూ తీసింది. ఈసారి గోరి వైపు కాకుండా డాక్టరు వైపు చాపింది. ముందు వేళ్ళు విడిచాయి, మాట వాటి వెనక వచ్చింది.

"ఇవి మింగేది మేడం. రోజొకటి. నేనే ఇచ్చిన."

డాక్టరు ఒక గోళీని దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఏంటివి?"

"కంపెనీ బీపీ గోళీలు. ఆమ్లోడిపిన్, పెద్ద డోసుది, పది ఎంజీ."

"ఎప్పటినుంచి?"

"వానలు పోయినప్పటి సంది. నిమ్ము మందు మొదలుపెట్టినంక కూడ ఇచ్చిన."

డాక్టరు నర్సును పిలిచింది. ఆ పసుపు గోళీలు ఆపమంది, వేరే ఇంజక్షను పేరు చెప్పింది, కాల్షియం తెమ్మంది. గొంతు పెంచలేదు గానీ అంతా త్వరగా జరిగింది. బిచ్యా వంక చూసి, చేత్తో దారి మూసినట్టు చూపిస్తూ చెప్పింది. "బీపీ గోళీని లివరు కొంచెం కొంచెంగా అరగదీసి బయటికి పంపాలి. ఈ యాంటీబయాటిక్ ఆ దారి మూసేస్తుంది. నిన్నటిది లోపలే ఉండగా ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. రోజూ వేసుకుంటూ పోతే బీపీ అడుక్కి పోతుంది, కిడ్నీలకు రక్తం అందదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి చెయ్యాల్సింది చేస్తాం. కిడ్నీలు లేస్తాయా అన్నది రెండు రోజులు చూడాలి."

బిచ్యా ఆంథోని వైపు తిరిగాడు. అతని మొహంలో కోపం ఇంకా చేరలేదు, దారిలో ఉంది.

"మంచికేనా ఇచ్చినవ్, అన్నా?"

ఆంథోని ఆలోచించాడు. నిజం చెప్పాలని చూశాడు. "తెల్వది బిచ్యా. నా దగ్గర ఉన్నయి. ఆమె అడిగింది."

"మీ దగ్గర ఎలా ఉన్నాయి?" ఆ మాట డాక్టరుది. చేతిలో ఇంకా ఆ గోళీ ఉంది. "ఇవి మీకు ఇచ్చినవే కదా. మరి మీరేం వాడుతున్నారు?"

హెప్సిబా చెయ్యి దుప్పటి మీద ఆగింది.

డాక్టరు ఆంథోనిని స్టూలు మీద కూర్చోబెట్టి చెయ్యికి పట్టీ చుట్టింది. అంకె చూసి మళ్ళీ చుట్టింది. రెండోసారి కూడా ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి. పైకి చదవకుండా ఆ అంకెను హెప్సిబాకు చూపించింది. ఒకే గదిలో ఒకరికి బీపీ లేదు, ఒకరికి పట్టలేనంత ఉంది. ఆంథోనికి అది వింతగా అనిపించింది, అంతే.

సాయంత్రం బస్సులో హెప్సిబా కిటికీ పక్కన కూర్చుంది. సారపాక దాటాక, ముందు సీటు కడ్డీని చూస్తూ అడిగింది.

"రోజూ నా ముందటనే నీళ్ళు తాగినవ్ గద డాడీ."

"తాగిన."

"నేను ఆటోను ఆపి నిలబడేదాన్ని."

"అవ్."

"అమ్మ లెక్క నువ్వు కూడ నన్ను ఒక్కదాన్ని ఇడిచిపెట్టి పోదామనుకున్నవా?"

"అనుకోలే బిడ్డా. ఏమీ అనుకోలే."

అది నిజం. అబద్ధం చెప్పి ఉంటే ఆమెకు తేలికయ్యేదని అతనికి అర్థమైంది. దుఃఖంతో చేశానంటే ఆమె క్షమించగలదు. ఏమీ లేకుండా చేసినదాన్ని ఎక్కడ పట్టుకుని క్షమించాలి? ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది, చప్పుడు లేకుండా. అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. వేయాలని తెలుసు కాబట్టి వేశాడు. భుజం వెచ్చగా ఉంది.

మర్నాడు ఆమె గోళీని అతని చేతిలో పెట్టలేదు. కొత్తగా రాసిచ్చిన దాన్ని స్టూలు మీద, నీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది.

"నేను చూడ డాడీ. నాకు చాతగాదు. మింగుతవో పారేస్తవో నీ ఇష్టం."

ఆటో హారన్ ఒక్కసారి కొట్టగానే వెళ్ళిపోయింది. ఆ మర్నాడూ అంతే. ఆ రెండు పూటలూ అతను స్టూలు ముందు కూర్చుని గోళీని చూశాడు. ఇప్పుడు వేళ్ళ నడుమ దాచాల్సిన పని లేదు, చూసేవాళ్ళు లేరు. ఇవ్వడానికీ ఎవరూ లేరు. అలా కూర్చుంటే గోళీ ఒక్కటే ఉంది, అతను ఒక్కడే ఉన్నాడు. రెండు రోజులూ సాయంత్రం హెప్సిబా వచ్చేసరికి అది స్టూలు మీదే ఉంది. ఆమె చూసింది, తీసి డబ్బాలో వేసింది.

మూడో పొద్దున గుమ్మం బయట కేక వినపడింది. హెప్సిబా అప్పటికే వెళ్ళిపోయింది.

"అన్నా! గిన్నె పట్టు!"

బిచ్యా. మోకాలి కింద పెద్ద దెబ్బ, పసుపు పెట్టి ఉంది. ఆంథోని దాన్ని చూడటం చూసి బిచ్యా మొహం ముడుచుకున్నాడు.

"బర్రె తన్నింది. గోరికి చెబితే నవ్వింది. దవాఖానాల మంచం మీద పండుకొని నవ్వుడేంది అన్నా, నేను ఈడ నొప్పితోటి సస్తుంటే."

ఆంథోని గిన్నె పట్టుకుని ఆగిపోయాడు. "నవ్విందా?"

"రాత్రి మూత్రమొచ్చింది. డాక్టరమ్మ సంబురపడ్డది. ఎవలి మూత్రానికన్న అంత సంబురపడంగ నేను చూడలే." క్యాను మూత తీయబోయి, తీయకుండా దాని మీద చెయ్యి పెట్టాడు. అతని మొహంలోకి రాబోయిన నవ్వు మాయమైంది. "నీ మీద నాకు మస్తు కోపమున్నది అన్నా. తిడుదామనే వచ్చిన. గోరి వద్దన్నది. ఇంకొకటి చెప్పి పంపింది."

"ఏంది?"

"నీ గోళీ నువ్వు మింగినంకనే పాలు పొయ్యాలట. నేను నిలబడి చూడాలట. వచ్చి చెప్పకపోతే దాని బర్రె మీద ఒట్టట." కాలు ఎత్తి గడప మీద పెట్టాడు. "జల్దీ చెయ్యి. బస్సున్నది."

ఆంథోని లోపలికి వెళ్ళి స్టూలు మీది గోళీని తెచ్చాడు. గ్లాసు తెచ్చాడు. చెయ్యి నోటిదాకా వెళ్ళింది, వేళ్ళ నడుమ గోళీ బిగుసుకుంది. ఆ బిగువును అతను గమనించాడు. బిచ్యా కూడా గమనించాడు.

"వేళ్ళు ఇడువు."

విడిచాడు. గోళీ నాలుక మీద పడింది. నీళ్ళు తాగాడు.

"నోరు తెరువు."

ఆదివారం చర్చిలో ఫాదరు నాలుక మీద పెట్టే అప్పం కోసం తెరిచినట్టు తెరిచాడు. బిచ్యా మెడ వంచి లోపలికి చూశాడు, పశువు పళ్ళు చూసినట్టు.

"నాలుక లేపు."

లేపాడు.

"సరే."

బిచ్యా క్యాను మూత తీసి పాలు పోశాడు. ఈసారి ఒక్క చుక్క కింద పడలేదు. ఆంథోని గిన్నెను రెండు చేతులతో పట్టుకున్నాడు. గోళీ గొంతులో పూర్తిగా దిగలేదు, ఎక్కడో అంటుకుని కరుగుతోంది. చేదుగా ఉంది. ఇంత చేదుదాన్ని గోరి రోజూ నవ్వుతూ ఎలా మింగిందో అడగాలనుకున్నాడు. అప్పటికే బిచ్యా కుంటుకుంటూ సందు చివరికి వెళ్ళిపోయాడు.